ప్రారంభోత్సవం కాని బోటు

కొబ్బరికాయ కొట్టకముందే ఒక బోటును నీళ్లలోకి దింపినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది. ఉద్యోగమంతా అగ్నిమాపక శాఖలో చేసినవాణ్ని. పత్తి మిల్లుల్లో, గోదాముల్లో ఎన్ని మంటలు ఆర్పినా రాని తలనొప్పి చివరికి నీళ్ల వల్ల వచ్చింది. ఇప్పుడు రిటైరయ్యాను. పొద్దున నడకకు వెళ్తే కొత్తగా సర్వీసులో చేరిన పిల్లలు కనబడి, "సార్, మీరు చూసిన పెద్ద ఫైర్ ఏది?" అని అడుగుతుంటారు. వాళ్లకు మంటల కథలు కావాలి. నేను మాత్రం ఈ బోటు సంగతే ఎత్తుకుంటాను. మంట ఎలా ఆర్పాలో ట్రైనింగులో నేర్పుతారు. ఎమ్మెల్యేలతో, వాళ్ల కమిటీలతో, వాళ్లు ఇప్పించే డబ్బుతో ఎలా నెగ్గుకురావాలో ఎవరూ నేర్పరు.

అప్పుడు నేను వరంగల్ చుట్టుపక్కల ఒక స్టేషన్‌కు అధికారిని. ఏ స్టేషన్ అని అడగొద్దు. మనుషుల పేర్లు కూడా చెప్పను. కొందరు ఇంకా సర్వీసులో ఉన్నారు, ఎమ్మెల్యే గారు ఇంకా రాజకీయాల్లోనే ఉన్నారు.

ముందు డబ్బు ఎలా వస్తుందో చెప్పాలి. మాకేం కావాలో ఏటా రాసి పంపేవాళ్లం. అది పై ఆఫీసుకు, అక్కణ్నుంచి సచివాలయానికి పోయి, కత్తిరింపులన్నీ అయ్యాక శాసనసభ ముందుకు వెళ్లేది. సభ సరేనంటేనే రూపాయి కదులుతుంది. చాలా ఏళ్లు నేను, సభలో మా గురించి బ్రహ్మాండంగా మాట్లాడుకుంటారని అనుకునేవాణ్ని. ఒకసారి సెలవు పెట్టుకుని మరీ టీవీ ముందు కూర్చున్నాను. పోలీసులు, జైళ్లు, మేము, అందరం ఒకే పద్దు కింద ఉన్నాం. సభ్యులు పోలీసుల గురించి కొట్లాడి కొట్లాడి అలసిపోయారు. మా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. ఎవరూ నోరు విప్పకుండానే ఆమోదించేశారు. పెళ్లిలో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్లకు చారు మాత్రమే మిగిలినట్టు, మాకు అంతకు ముందు ఏడాది ఇచ్చిందే మళ్లీ ఇచ్చారు.

అందుకే చెరువుల మీద చెరువులున్న మా ప్రాంతంలో, మా స్టేషన్‌కు బోటు లేదు. వాన గట్టిగా పడి కాలనీలు మునిగితే లారీ ట్యూబులకు గాలి కొట్టి, వెదురు బొంగులకు కట్టి, దాని మీద పోయేవాళ్లం.

ఒక వానాకాలం వెళ్లిపోయాక మా ఎమ్మెల్యే గారు చెప్పాపెట్టకుండా స్టేషన్‌కు వచ్చారు. ధాన్యం వ్యాపారం చేసుకునే కుటుంబంలోంచి వచ్చిన మనిషి. బెంచీ మీద కూర్చుని టీ తెప్పించుకుని, "మీకేం గావాలె, చెప్పున్రి" అన్నారు.

మా శాఖలో ఒక అలవాటుంది. తనిఖీకి వచ్చిన పెద్దల ముందు ఏదీ లేదని చెప్పకూడదు. లేదంటే, మరి నువ్వెందుకు అడగలేదని పైవాళ్లు మన మీదే పడతారు. నేను లేచి నిలబడి, "అంతా బాగానే ఉంది సార్" అన్నాను. మా డ్రైవర్ నాకంటే పెద్దవాడు, నోటికి తాళం లేనివాడు. వెనకనుంచి అందుకున్నాడు.

"ఏం బాగున్నది సార్. లారీ ట్యూబులకు గాలి గొట్టుకోని పోతానం. మునిగేటోన్ని తీసుడు సంగతేమో గని, ఏ పొద్దు మేము మునుగుతమో తెల్వది."

ఎమ్మెల్యే గారు టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ ట్యూబులు చూపించమన్నారు. వాటికి వేసిన పంక్చర్ అతుకుల మీద వేలు పెట్టి చూశారు. అటునుంచటే కారెక్కి వెళ్లిపోయారు. తర్వాతి బడ్జెట్ సమావేశాల్లో, భోజనాల వేళ మా పద్దు వచ్చినప్పుడు ఆయన ఒక్కరు లేచి నిలబడ్డారు. మా దగ్గర వరదలో చిక్కినవాళ్లను లారీ ట్యూబుల మీద తెస్తున్నారని చెబితే కొందరు సభ్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు. కొంత సర్కారుతో ఇప్పించి, మిగతాది తన నియోజకవర్గ అభివృద్ధి నిధిలోంచి పెట్టి, చివరికి బోటు తెప్పించారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఈ మాట ఇప్పుడే చెప్పి పెడుతున్నాను, తర్వాత వచ్చే సంగతులు విని మీరు తొందరపడకుండా.

నారింజ రంగు ఫైబర్ బోటు, ట్రాలీ మీద వచ్చింది. ఇంజన్ వేరే పెట్టెలో ఉంది. లైఫ్ జాకెట్లు ప్లాస్టిక్ కవర్లలో ఉన్నాయి. మావాళ్లంతా కొత్త పెళ్లికూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు చుట్టూ తిరిగి చూశారు. బోటుతోపాటే ఎమ్మెల్యే గారి పీఏ కూడా వచ్చాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, మాటల్లో తొందర.

"ప్రారంభోత్సవానికి మంత్రిగారొస్తరు. అప్పటిదాంక ఎవ్వరు ముట్టొద్దు. కంపెనీ మెకానిక్ గూడ ఆ రోజే వచ్చి ఇంజన్ బిగిస్తడు" అన్నాడు.

మంత్రిగారి తేదీ దొరకడానికి కొన్నాళ్లు పట్టింది. దొరికేసరికి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదు, శ్రావణం రానివ్వమన్నారు. మా దగ్గర చెరువులు నిండి నాలాలు పొంగేది ఆ ఆషాఢంలోనే. మా డ్రైవర్ ఆకాశం వంక చూసి, "నువ్వు గూడ జర శ్రావణం దాంక ఆగు" అనేవాడు. నేను మా జిల్లా పెద్దసారుకు ఫోన్ చేసి, ఒకసారి చెరువులో దింపి చూస్తామని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు. రిటైర్మెంట్ దగ్గర పడిన మనిషి, ఎవరి చేతా మాట పడకుండా ఇంటికి పోవాలన్నదే ఆయన కోరిక. "అది ఇంకా మనకు అప్పజెప్పలే గదా. మనది గాని దాన్ని మనమెట్ల ముడుతం" అన్నారు.

ఆ మధ్యలోనే పీఏ స్టీలు పలక తెచ్చాడు. టీ ట్రే అంత ఉంటుంది. మంత్రిగారి పేరు, కింద ఎమ్మెల్యే గారి పేరు, వారి నిధులతో అన్న మాట, అన్నీ చెక్కి ఉన్నాయి. దాన్ని బిగించే పని మా లీడింగ్ ఫైర్‌మన్‌కు పడింది. స్టేషన్‌లో తలుపు గొళ్లెం ఊడినా, పంపు మొరాయించినా అతనే. మాట తక్కువ, పని శుభ్రం. పలక పైఅంచు దగ్గర పెడదామని అతను అంటే పీఏ ఒప్పుకోలేదు. ట్రాలీ పక్కన నిలబడి, రిబ్బన్ పట్టుకున్నట్టు రెండు చేతులూ నడుము ఎత్తున చాచి చూపించాడు.

"రిబ్బన్ ఈడ కడ్తం. ఫోటోల రిబ్బన్, పలక రెండు పడాలె. ఈడనే బిగియ్యన్నా."

మా లీడింగ్ ఫైర్‌మన్ అక్కడే నాలుగు రంధ్రాలు చేసి, బోల్టులు బిగించి, గుడ్డతో తుడిచాడు. పలక తళతళ మెరిసింది. మేమందరం నిలబడి బాగుందన్నాం. నిలబడ్డ మనిషి నడుము ఎత్తంటే, ట్రాలీ మీద ఉన్న బోటుకు అది దాదాపు అడుగుభాగమే. నలుగురు ఎక్కితే నీళ్లు ఎందాకా వస్తాయన్న ఆలోచన అంతమందిలో ఒక్కరికీ రాలేదు. రావడానికి ఆ బోటు నీళ్లు చూస్తే కదా. మా దృష్టిలో అది షెడ్డులో ట్రాలీ మీద ఉండే వస్తువు.

రెండు రోజులు ఆగకుండా పడ్డ వానకు పైచెరువు అలుగు దూకింది. నాలా పక్క కాలనీలోకి పొద్దున్నే నీళ్లు వచ్చాయి. మేం వెళ్లేసరికి కింది సందులో నడుము లోతు. తాళ్లు కట్టి, ట్యూబుల మీద ఆడవాళ్లను, ముసలివాళ్లను పైరోడ్డుకు తెస్తున్నాం. అప్పుడు ఆ సందు చివరి కిరాణా కొట్టు నుంచి నా ఫోన్‌కు కాల్ వచ్చింది. నంబరు ఎవరిచ్చారో తెలియదు.

"సార్, నేను కొట్టుకాణ్నుంచి మాట్లాడుతాన. మా మామకు పక్షవాతం, లేవరాదు. పొద్దుగాల పక్కింటోళ్ల సాయంతోని మంచాన్ని గల్లా బల్ల మీదికెక్కిచ్చిన, వాళ్లు గూడ ఎల్లిపోయిన్రు. నీళ్లు బల్ల దాంక వచ్చినయ్."

"ఇంట్లో ఇంకెవరున్నరమ్మా?"

"ఎవ్వరు లేరు సార్. మా ఆయన డోర్నకల్‌ల రైల్వే డ్యూటీకి పోయిండు. పట్టాల మీద నీళ్లొచ్చినయట, ఆడనే ఉండిపోయిండు. నన్ను ఒక్కదాన్ని రమ్మంటాన్లు గని మామనిడిచి నేను రాను. ముందే చెప్తాన."

మావాళ్లిద్దరు తాడు పట్టుకుని ఆ కొట్టుదాకా పోయి చూసి వచ్చారు. పెద్దాయన భారీ మనిషి, ఒక పక్క అసలు కదలదు. ట్యూబుల మీద పెడితే ఒరిగి ప్రవాహంలో పడిపోతాడు. మంచానికి నీళ్లు జానెడు కిందున్నాయట. అంటే మాకు బోటు కావాలి. బోటు మా షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని శ్రావణం కోసం ఎదురుచూస్తోంది.

పెద్దసారుకు ఫోన్ చేశాను. "నన్నడుగుతే నేనేం చెప్త. ఎమ్మెల్యే గారినే అడుగు" అన్నారు. ఎమ్మెల్యే గారి ఫోన్ పీఏ ఎత్తాడు. సారు కలెక్టరేట్‌లో వరదల మీద మీటింగులో ఉన్నారన్నాడు.

"మనిషి మునుగుతాండు. బోటు తీస్తాన" అన్నాను.

"జర ఆగున్రి సార్. మంత్రిగారు కొబ్బరికాయ గొట్టకముందే తీస్తే మా సారు ఇజ్జత్ ఏం గావాలె? మీటింగ్ అయినంక అడిగి చెప్త."

కోపం నా నషాళానికంటింది. ఏదో అనబోయి, అనడానికి కూడా టైము లేదని ఫోన్ పెట్టేశాను. మా డ్రైవర్ నా ముఖం చూశాడు. నేను తల ఊపాను. అతను జీపెక్కి స్టేషన్‌కు పోయాడు.

ట్రాలీతో తిరిగి వచ్చేసరికి వాన ఇంకా ఎక్కువైంది. టార్పాలిన్ తాళ్లు కత్తితో కోసేశాం. ఇంజన్ బిగించడం మాకెవరికీ రాదు, అందులో పెట్రోలూ లేదు. దాన్ని వదిలేసి, రెండు వెదురు బొంగులు తీసుకున్నాం. బోటుకు పొడుగాటి తాడు కట్టి, ఆ కొస డ్రైవర్‌కు ఇచ్చాం. కాలనీ కుర్రాళ్లు అతనికి తోడు నిలబడ్డారు. కరెంటు తీసేశారని మరోసారి అడిగి ఖాయం చేసుకుని, నేనూ లీడింగ్ ఫైర్‌మనూ ఎక్కాం. అతను ఎక్కుతూ ఎక్కుతూ చేత్తో పలక మీది నీళ్లు తుడిచాడు. అలవాటు అలాంటిది.

పోయేటప్పుడు బోటు తేలిగ్గానే పోయింది. గోడలు పట్టుకుని, బొంగులతో నెట్టుకుంటూ సందు చివరికి చేరాం. కొట్టు షట్టర్ సగం దిగి ఇరుక్కుపోయింది. పక్కనున్న గేటులోంచి లోపలికి దూకితే నీళ్లు నా ఛాతీదాకా వచ్చాయి. కందిపప్పు బస్తాలు తేలుతున్నాయి. బల్ల మీద మంచం, మంచం మీద పెద్దాయన. పరుపు అప్పటికే తడిసింది. ఆమె ఆయన తలను తన భుజానికి ఆనించుకుని నీళ్లలోనే నిలబడి ఉంది. పెదవులు నీలమెక్కాయి.

"ముందు ఆయన్ని పట్టున్రి. నేను నడుస్త" అంది.

లీడింగ్ ఫైర్‌మన్ వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె దుప్పటితో మామను అతని వీపుకు కట్టింది. ఎంత గట్టిగా కట్టిందంటే మోసేవాడు అబ్బా అన్నాడు. నేను వెనకనుంచి పట్టుకున్నాను. గేటు దాటించి పెద్దాయనను బోటులో పడుకోబెట్టాం. ఆమెను కూడా ఎక్కించి కదిలాం. అక్కడే ప్రవాహం ఒక్కసారి తోసింది. బోటు పక్కకు తిరిగి, గేటు స్తంభానికి పలకున్న వైపు గుద్దుకుంది. లోపలెక్కడో పగిలినట్టు చప్పుడైంది. బోటు మునగలేదు కదా అని నేను పట్టించుకోలేదు.

కొంచెం దూరం వచ్చామో లేదో, ఆమె తన కాళ్ల వంక చూసి, "అన్నా, లోపల నీళ్లొస్తానయ్" అంది.

వాన నీళ్లేలే అన్నాను. నా హెల్మెట్ తీసి ఇచ్చి తోడి పొయ్యమన్నాను. ఆమె తోడుతూనే ఉంది, నీళ్లు తగ్గడం లేదు. పెద్దాయన పడుకున్న చోట చెవులదాకా వచ్చాయి. ఆయన కళ్లు తిప్పి నావైపు చూశాడు. మాట రాని మనిషి చూసే చూపు ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. లీడింగ్ ఫైర్‌మన్ వంగి చేత్తో తడిమాడు. నలుగురి బరువుకు బోటు దిగింది. పలక మొత్తం నీళ్ల కిందికి పోయింది. స్తంభం తాకిన దెబ్బకు బోల్టులు కదిలి, నాలుగు రంధ్రాల్లోంచీ నీళ్లు చిమ్ముతున్నాయి.

"సార్, నేను జేసిన బొక్కలే" అన్నాడు.

ఆ గొంతు నేనిప్పటికీ మరిచిపోలేదు. అతను చొక్కా విప్పి ఉండలా చుట్టి, రంధ్రాల మీద పెట్టి, దానికి తన వీపు ఆనించి, కాళ్లు ఎదుటి అంచుకు తన్నిపెట్టి కూర్చున్నాడు. చిమ్మడం తగ్గింది. ఆమె ఒళ్లు మరిచిపోయి తోడుతోంది. ఇంకొంచెం దూరం లాగితే చాలు, పైరోడ్డు.

అప్పుడే తాడు బిగుసుకుపోయింది. నీళ్లలో మునిగి ఉన్న ఏ స్కూటరుకో తట్టుకున్నట్టుంది. అక్కడ డ్రైవర్ లాగుతున్న కొద్దీ బోటు ముక్కు కిందికి పోతోంది. వెనకనుంచి ప్రవాహం మమ్మల్ని నాలా వైపు తిప్పుతోంది. నాలాలో పడితే ఇక చెప్పడానికి ఏమీ ఉండదు. లాగొద్దని అరిచాను. వాన హోరులో వాళ్లకు వినపడలేదు. ఈ ఇద్దరినీ ఇల్లు కదిలించి తెచ్చి నేనే ముంచుతున్నానా అనిపించింది. భయమేసింది. యూనిఫాం వేసుకుంటే భయం ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి.

నీళ్లలోకి దిగి, బోటు అంచు ఒక చేత్తో పట్టుకుని, తాడు వెంబడి ముందుకు పోయాను. వాళ్లను చూసే వీలు నాకిక లేదు, వాళ్ల మాటలూ వినపడలేదు. కాలికి ఇనుము తగిలింది. స్కూటరే. హ్యాండిల్‌కు తాడు మెలిపడింది. కాలితో తన్నాను. రాలేదు. ఊపిరి పట్టి మునిగి, చేత్తో విడదీశాను. చెయ్యి చీరుకుపోయింది కానీ తాడు వదులైంది. పైకి తేలేసరికి బోటు నన్ను దాటి పోతోంది. వెనక అంచు దొరకబుచ్చుకుని వేలాడాను. పైనుంచి ఎంతమంది పట్టుకున్నారో గానీ ఒకటే లాగుడు. బోటు అడుగు రోడ్డుకు రాసుకుని ఆగింది. అందులో సగానికి నీళ్లు.

తాడు లాగినవాళ్లలో ఎమ్మెల్యే గారు కూడా ఉన్నారు. మీటింగు మధ్యలో లేచి వచ్చారట. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి ఉంది, అరచేతులు ఎర్రగా కమిలాయి. పక్కన పీఏ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అందరం కలిసి పెద్దాయనను అంబులెన్స్‌కు చేర్చాం. ఆయనను దవాఖానకు తీసుకుపోయారు. నిమ్ము చేసింది కానీ ప్రాణానికి గండం తప్పింది. తర్వాత లీడింగ్ ఫైర్‌మన్ లేచాడు. అతను లేవగానే బోటులోని నీళ్లు ఆ నాలుగు రంధ్రాల్లోంచి బయటికి, పలక చుట్టూ ధారలుగా కారాయి. ఎమ్మెల్యే గారు అది చూశారు.

"ఎవరు తియ్యమన్నరు?" అని మాత్రం అడిగారు.

"నేనే సార్" అన్నాను. ఆయన తల ఊపి, ఇంకో సందు వైపు వెళ్లిపోయారు.

వారం తిరక్కుండానే నోటీసులు వచ్చాయి. శాఖకు అప్పజెప్పని బోటును వాడినందుకు నాకు. శాఖ ఆస్తికి రంధ్రాలు చేసి మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు లీడింగ్ ఫైర్‌మన్‌కు. నేను వాడినప్పుడు అది శాఖది కాదు, కాబట్టి తప్పు నాది. అతను రంధ్రం చేసినప్పుడు మాత్రం శాఖది, కాబట్టి తప్పు అతనిదీ. మా డ్రైవర్ రెండు నోటీసులూ చదివించుకుని విని, "ఈ తెలివి మునిగేటప్పుడు యాడికి పోయింది" అన్నాడు. నాది హెచ్చరికతో పోయేదే. అతనికి మాత్రం సస్పెన్షన్ తప్పదని చెప్పుకున్నారు. అతను సంజాయిషీలో ఎవరి పేరూ రాయలేదు. పీఏ నోటి మాటగా చెప్పింది చూపించడానికి ఏముంది. "పనిముట్టు నా చేతుల ఉండె సార్. నీళ్ల సంగతి నేను సోచాయించాలె" అనేవాడు. అన్నం సరిగ్గా తినేవాడు కాదు. ఆ ఇద్దరూ మునిగినట్టు కలలు వస్తున్నాయని ఒకరోజు చెప్పాడు.

వరదల్లో సర్కారు డబ్బు ఎలా ఖర్చయింది, ఏ శాఖ ఏం చేసింది అని చూడ్డానికి శాసనసభ కమిటీ ఒకటి మా దగ్గరికి వచ్చింది. నోటీసుల మీద పైవాళ్లు ఏం తేల్చాలన్నా ఆ కమిటీ మాట కోసమే ఆగారు. పెద్ద హాలు, తెల్ల గుడ్డ కప్పిన బల్లలు, జీడిపప్పు ప్లేట్లు. అధ్యక్షురాలు వేరే జిల్లా ఎమ్మెల్యే, పెద్దావిడ. స్థానికుడిగా మా ఎమ్మెల్యే గారూ బల్ల చివర కూర్చున్నారు. ఆయన వెనక పీఏ. పెద్దసారు లోపలికి పోయేముందు నా భుజం తట్టి, "అంతా బాగానే ఉన్నదను, సరిపాయె" అన్నారు.

ఈసారి నేను ఆ మాట అనలేదు. బోటు ఎందుకు కారిందని అధ్యక్షురాలు అడిగితే, "పలక బిగించిన చోట కారింది మేడం" అన్నాను. హాలులో గుసగుసలు మొదలయ్యాయి. అక్కడ బిగించమని ఎవరు చెప్పారని ఆమె అడిగింది. నేను నోరు తెరిచేలోగా వెనక వరసలోంచి లీడింగ్ ఫైర్‌మన్ లేచి, "నేనే బిగిచ్చిన మేడం" అన్నాడు. పీఏ ఫోన్‌లో తల దూర్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పేద్దామని మళ్లీ లేవబోతే, ఆమె చెయ్యెత్తి ఆపి, ముందు కాలనీవాళ్లను మాట్లాడనివ్వమంది.

కొట్టు నడిపే ఆమె కూడా వచ్చింది. ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి, సరుకు పోయిన సంగతి చెప్పి కూర్చోబోయింది. కమిటీలో ఒక సభ్యుడు, మా ఎమ్మెల్యే గారి పార్టీవాడే, ఆయనను సంతోషపెడదామనుకున్నాడేమో, ఆమెను ఆపాడు.

"అమ్మా, నిన్ను కాపాడిన బోటు ఎవరిచ్చిన్రో ఎరుకేనా? దాని మీద పేర్లు రాసున్నయ్, సూసినవా?"

"లేదు సార్. కనబళ్లే" అంది ఆమె. "అవి నీళ్ల కిందికి పోయినయ్. లోపట ఆ బొక్కలకు ఆ అన్న వీపు ఆనిచ్చి కూసున్నడు." లీడింగ్ ఫైర్‌మన్‌ను చూపించింది. "ఈ సారు నీళ్లల్లకు దుంకినంక బోటు ఒకదిక్కు వంగింది. అన్నా, జర లేసి నువ్వు గూడ తోడరాదా అన్న. నేను లేస్తే నువ్వు, మీ మామ మునుగుతరు బిడ్డా, నన్ను లెవ్వమనకు అన్నడు. మా మామ తలకాయ ఒళ్లె పెట్టుకోని, అట్లనే కూసున్నడు. వీపంత కోసుకపోయి నెత్తురు కారింది సార్ ఆ అన్నకు. పేర్లెట్ల కనబడ్తయ్?"

ఆ మాటలు నేనూ అప్పుడే మొదటిసారి వింటున్నాను. అతను మాకెవరికీ చెప్పలేదు. అడిగిన సభ్యుడు తల దించుకున్నాడు. మా ఎమ్మెల్యే గారు కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"మేడం, ఆ పలక నాది. ఆడ బిగియ్యమని చెప్పింది మా మనిషి. ముట్టొద్దన్నది గూడ మేమే. ఇందుల ఆ ఫైర్‌మన్ తప్పేం లేదు. రాసుకోన్రి."

మాటలు రాసుకుంటున్న ఉద్యోగి కలం ఆపి, రాయాలా వద్దా అన్నట్టు అధ్యక్షురాలి ముఖం వంక చూశాడు. ఆమె కళ్లద్దాలు తీసి, "రాయండి" అంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. నీళ్లలో అంతసేపు కిక్కురుమనకుండా కూర్చున్న మనిషి, టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. కొట్టు ఆమె వెళ్లి అతని పక్కన కూర్చుంది.